కూరగాయల శుభ్రతపై ఈ ఏడాది చేసిన పని: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

వీధి దీపాలు, చెత్త బండి వేళలు, పార్కు గోడ మరమ్మతు వంటి పనులు ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల లెక్క నోటీసు బోర్డులో ఉంది. ఈసారి మా సమయం ఎక్కువగా తీసుకున్నది కూరగాయల సంగతి. కిందటి సర్వసభ్య సమావేశంలో "క్యాబేజీ తింటే మెదడులోకి పురుగు పోతుందట కదా" అని ఒకరు అడిగారు. అక్కడ మొదలైన చర్చ ఏడాదంతా నడిచింది.

ముందు ఆ భయం సంగతి. మెదడుకు చేరేది క్యాబేజీలో కనిపించే పచ్చ పురుగు కాదు. సరిగా ఉడకని పంది మాంసం వల్ల కొందరి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు వాళ్ల మలంతో బయటపడి, మురుగు నీటి వల్లో కడుక్కోని చేతుల వల్లో మన కూరల మీదికి వస్తాయి. అవి కడుపులోకి పోతే వాటి పిల్ల పురుగులు మెదడు దాకా చేరగలవు. మాంసం ముట్టని ఇళ్లలోనూ ఈ జబ్బు, దానివల్ల ఫిట్స్ కనిపించేది అందుకే. క్యాబేజీ మానేసి, కడగని కొత్తిమీర పచ్చిగా చల్లుకుంటే ఏం లాభం?

హైదరాబాద్ మురుగును మోసుకెళ్లే మూసీ నీళ్లతో దిగువన గడ్డి, వరి, ఆకుకూరలు పండుతున్నాయి. రైతును అనడానికి లేదు, ఆ మురుగు మన ఇళ్లదే. ఏ కట్ట ఏ నీళ్లతో పెరిగిందో చూసి చెప్పలేం కాబట్టి అన్నిటినీ ఒకేలా కడగడమే దారి.

కమ్యూనిటీ హాల్లో పాలకూరతో చేసి చూపించాం. వేళ్లు కోసేసి, వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్లు పోసి, ఆకులు వేసి బాగా ఆడించాలి. తర్వాత ఆకుల్ని చేత్తో పైకి తీయాలి. గిన్నెను అలాగే చిల్లుల గిన్నెలోకి వంపితే అడుగున దిగిన ఒండ్రంతా మళ్లీ ఆకుల మీదే పడుతుంది. చాలామంది ఇళ్లలో జరిగేది ఇదేనని అక్కడే తేలింది. అడుగున ఇసుక కనిపించకుండా పోయేవరకు నీళ్లు మార్చి, చివర్లో నల్లా కింద కడగాలి. ఏ కూరైనా తరిగాక కాదు, తరగకముందే. కాలీఫ్లవర్‌ను ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో ఉంచితే పురుగులు బయటికొస్తాయి, కానీ కంటికి కనిపించని గుడ్లకు ఉప్పు ఒక లెక్క కాదు.

కూరగాయలు కడిగే లిక్విడ్‌ను సంఘం తరఫున టోకున తెప్పించాలన్న ప్రతిపాదనను కార్యవర్గం ఒప్పుకోలేదు. ఇలాగే మురుగుతో కూరలకు అంటే మరో పేగు పురుగు ఏలికపాము. దాని గుడ్డు పెంకు మందం. మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇంట్లో వాడే మోతాదులో క్లోరిన్, వెనిగర్, పొటాషియం పర్మాంగనేట్ దాన్ని చంపలేవు. కడగడం వల్ల గుడ్లు చాలావరకు కొట్టుకుపోతాయి, మిగిలినవి మరిగే కూరలో చస్తాయి. అసలు జాగ్రత్త పచ్చిగా తినేవాటి దగ్గరే కావాలి. సబ్బు మాత్రం కూరలకు వద్దు, చేతులకే.

అందుకే వినాయక చవితి అన్నదానంలో పచ్చి ఉల్లి, కీర ముక్కలు వడ్డించలేదు. కొత్తిమీరను సాంబారు దించకముందే వేసి ఒక పొంగు రానిచ్చారు. రంగు తగ్గిందని కొందరు నొచ్చుకున్నారు, కానీ రుచికి ఎవరూ వంక పెట్టలేదు.

ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో జరిగే నులిపురుగుల నివారణ దినాల గురించి ఇంటింటికీ చీటీలు పంచాం. 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో పురుగుల మందు ఆల్బెండజోల్ టాబ్లెట్ ఉచితంగా ఇస్తారు. వాచ్‌మన్ల పిల్లలకు, ఇళ్లలో పనిచేసే ఆయమ్మల పిల్లలకూ ఈ కబురు చేరేలా చూశాం. టాబ్లెట్ వేశాం కదా అని కడగడం మానొద్దు, పురుగులు మళ్లీ రావచ్చు.

మిగిలిపోయిన పని కాలనీ నీళ్ల సంపుది. ఎంత కడిగినా కడిగే నీళ్లే బాగుండకపోతే శ్రమంతా వృథా. వచ్చే ఏడాది సంపును ఆరు నెలలకోసారి కడిగించాలని, అందుకు మెయింటెనెన్స్‌లో కొంత పెంచాలని ఈ సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. అభ్యంతరాలుంటే కార్యదర్శికి రాసి ఇవ్వగలరు.