మా మేకలకు టీకాలు ఎప్పుడు సార్?

గౌరవనీయులైన పశువైద్యాధికారి గారికి,

వరంగల్ దగ్గరి పల్లెలో మేకలు పెంచుతూ, వాటి పాలతో సబ్బులు చేసి అమ్ముకుంటున్నాను. మేకలకు విరేచనాలు పట్టించే పారుడు రోగం టీకా కోసం మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టే నలుగురి ముందు రాస్తున్నాను.

పోయిన నెల మేకలకు ముక్కులు కారాయి, నోళ్లు పుండ్లు పడ్డాయి, తర్వాత పారుడు. పదకొండింటిలో నాలుగు చచ్చిపోయాయి. సబ్బు చేయాలంటే పాలను ఐస్‌లా గడ్డకట్టించి కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా కలపాలి. తొందరపడితే పాలు వేడికి మాడి రంగు మారతాయి. అచ్చు పోశాక సబ్బులు 4 నుంచి 6 వారాలు ఆరాలి. అంటే ఈరోజు పాలు లేకపోతే నెలన్నర తర్వాత చేతిలో రూపాయి ఉండదు. సంఘం కిస్తీ మాత్రం ఆగదు.

వానలు పడకముందే మా ఊళ్లో క్యాంపు పెట్టి, 4 నెలలు దాటిన ప్రతి మేకకూ టీకా వేయించండి. తేదీ పంచాయతీ బోర్డు మీద రాయించండి. తోలుకొచ్చే పని మాది.

ఇట్లు,
ఒక మేకల పెంపకందారు