నోటీసు వస్తేనే దోషులా?

సంపాదకుల వారికి,

కంపెనీ లోపలి రహస్య సమాచారంతో షేర్లు కొన్నారనో అమ్మారనో, అంటే ఇన్‌సైడర్ ట్రేడింగ్ చేశారనే ఆరోపణతో, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నుంచి నోటీసు వచ్చిందంటే చాలు, మనవాళ్లు ఆ మనిషిని దొంగ కింద జమకట్టేస్తారు. శ్రీసిటీ కంపెనీల్లో మన పిల్లలెందరో పనిచేస్తున్నారు, షేర్లూ కొంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నోటీసు తీర్పు కాదు, సంజాయిషీ అడగడం మాత్రమే. బంధుత్వం ఉందనో, అమ్మిన సమయం కలిసిందనో సరిపోదని, రహస్య సమాచారం అందిందని సెబీయే రుజువు చేయాలని 2022లో బలరామ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దర్యాప్తు నివేదికలో సంబంధిత భాగాలు నోటీసు అందుకున్నవారికి ఇవ్వాలని అదే ఏడాది మరో కేసులో తేల్చింది. కాబట్టి టెన్షన్‌లో ఏదో ఒకటి రాసిచ్చేయకుండా ముందు ఆ కాగితాలు అడగాలి. వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. నెలనెలా జీతం పడగానే అదే షేరు కొన్నట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, కూతురి పెళ్లికోసం అమ్మామని చెప్పే కల్యాణ మండపం రసీదు, ఇలాంటివే అక్కరకొస్తాయి.

తప్పు చేసినవాళ్లను వదిలేయమనడం లేదు. కానీ జరిమానా కనీసం 10 లక్షలు. 25 కోట్లు లేదా లాభానికి మూడింతలు, ఏది ఎక్కువైతే అంతదాకా వేయొచ్చు. అప్పీలుకు గడువు 45 రోజులే, ట్రిబ్యునలేమో ముంబైలో. ఈ చట్టం క్షుణ్ణంగా తెలిసిన వకీలు మన ఊళ్లో దొరకడం కష్టం. తిరుపతి న్యాయవాదులు, ఛార్టర్డ్ అకౌంటెంట్లు, పద్మావతి మహిళా యూనివర్సిటీ న్యాయ విభాగం కలిసి ఒక సలహా కేంద్రం పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్,
తిరుపతి