బస్టర్ పోజీ గారూ, ఈ మేనేజర్‌నైనా నిలవనివ్వండి

శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ ఆపరేషన్స్ అధ్యక్షులు బస్టర్ పోజీ గారికి,

నమస్కారం. నేను ఫ్రీమాంట్‌లో ఉంటున్న తెలుగువాడిని. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. 2010లో మీ ఆట చూశాక బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఆ ఏడాది మే నెలాఖర్లో మిమ్మల్ని మైనర్ లీగ్ (కింది స్థాయి పోటీలు) నుంచి పిలిపించారు. నవంబరు 1 రాత్రి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, మనదైంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఈ టీమ్ గురించి మాట్లాడుకోని రోజు లేదు.

2025 సెప్టెంబరు 29న మీరు మేనేజర్ బాబ్ మెల్విన్ గారిని తప్పించి, అక్టోబరులో టోనీ విటెల్లో గారిని తెచ్చారు. ప్రొఫెషనల్ టీమ్‌లో ఒక్కరోజు కూడా కోచ్‌గా చేయని కాలేజీ కోచ్‌ను నేరుగా మేజర్ లీగ్ మేనేజర్‌గా కూర్చోబెట్టడానికి చాలా ధైర్యం కావాలి. టెనెసీ యూనివర్సిటీకి 2024లో మొట్టమొదటి జాతీయ టైటిల్ తెచ్చిన మనిషి ఆయన. నాకు నిజంగా సంతోషంగా ఉంది. నా భయం ఆయన గురించి కాదు, మన ఓపిక గురించి.

2025 ఆగస్టులో గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నను జెయింట్స్ సొంత మైదానం ఒరాకిల్ పార్క్‌కు తీసుకెళ్లాను. అక్కడ 16 మ్యాచ్‌ల్లో 15 ఓడిన రోజులవి. ఎండాకాలమే అయినా సాయంత్రానికి బే మీద నుంచి చలిగాలి కొడుతోంది, నాన్న శాలువా కప్పుకుని కూర్చున్నారు. మెల్విన్ గారు డగౌట్‌లోంచి మెల్లగా నడిచి వెళ్లి, పిచర్‌ను (మన బౌలర్ లాంటివాడు) మార్చడానికి అతని చేతిలోంచి బంతి తీసుకున్నారు. చుట్టూ జనం అరుస్తున్నారు. "కోచ్ కూడా ప్లేయర్ డ్రెస్సే వేసుకున్నాడేంట్రా?" అని నాన్న అడిగారు. ఇక్కడ మేనేజర్ అంటే కోచ్, కెప్టెన్ కలిపి ఒకే మనిషి అనుకోమన్నాను. ఆయన కాసేపు చూసి, "పాపం, ఆయనేం చేస్తాడు? కొట్టాల్సింది వాళ్లు కదా" అన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కల్లా మా వరుస ఖాళీ. ఆ సీట్ల మీదికి సీగల్ పక్షులు దిగాయి.

అదే ఏడాది జూన్ మధ్యలో ఇదే టీమ్ మన పాత ప్రత్యర్థి డాడ్జర్స్‌తో సమానంగా పట్టికలో పైన ఉంది. జూలై 1న మెల్విన్ గారి 2026 కాంట్రాక్టును మీరే ఖాయం చేశారు. ఆ నెలాఖరుకు పిచర్లు టైలర్ రోజర్స్, కమీలో డోవల్ ఇద్దరినీ వేరే టీమ్‌లకు ట్రేడ్ చేశారు. బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల బృందం) సగం ఖాళీ అయింది. చివరికి 81 గెలుపులు, 81 ఓటములు. ఆ లెక్క మొత్తం మేనేజర్ ఖాతాలో రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మీ పాత మేనేజర్ బ్రూస్ బోచీ గారి సంగతి మీకంటే ఎవరికి బాగా తెలుసు? జెయింట్స్‌కు వచ్చిన మొదటి ఏడాది, 2007లో, ఆయన 91 మ్యాచ్‌లు ఓడారు. మరుసటి ఏడాది 90. 2009లో 88 గెలిచినా ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) అందలేదు. అప్పుడు ఆయన్ను పంపించేసి ఉంటే, 2010లో మీరు ఎవరి కింద ఆడేవారు? 2010, 2012, 2014 ట్రోఫీల వెనక ఆ మూడేళ్ల ఓర్పు ఉంది. ఆయన 2019లో వెళ్లాక మనకు విటెల్లో గారు మూడో మేనేజర్. 2021లో 107 గెలిపించిన గేబ్ కాప్లర్‌ను 2023లో మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే పంపేశారు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. విటెల్లో గారికి మూడు పూర్తి సీజన్లు ఇవ్వండి. కుర్రాళ్లను తీర్చిదిద్దడం ఆయనకు తెలిసిన పని. మన యువ బ్యాటర్ బ్రైస్ ఎల్‌డ్రిడ్జ్ ఇంకా కుర్రాడే. మొదట్లో వరుసగా స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) అయినా సరే, రోజూ ఆడించే స్వేచ్ఛ మేనేజర్‌కు ఉండాలి. మన ప్రధాన పిచర్ లోగన్ వెబ్ 2025లో 207 ఇన్నింగ్స్ వేసి 224 స్ట్రైకౌట్లు చేశాడు, ఇంకా ఎంతని మోస్తాడు? అతని వెనక నికరంగా నిలబడే మరో ఇద్దరు పిచర్లను తెచ్చిపెట్టండి. అది మేనేజర్ చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

వచ్చే వేసవికి నాన్న మళ్లీ వస్తున్నారు. మేనేజర్ మారారని ఫోన్లో చెబితే, "ఇతన్నైనా ఉంచుతారా?" అని అడిగారు. ఏం చెప్పమంటారు?

మీ అభిమాని,
ఫ్రీమాంట్