ఆ ఎర్రదీపం ఎలా ఆరింది?

చిరంజీవి అమ్ములుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కొంత తగ్గింది. చిన్నోడు పరీక్షలు బాగా రాశానంటున్నాడు, నేను మాత్రం నమ్మడం లేదు. నీ దగ్గర నుంచి కబురు వచ్చి చాలా రోజులైంది. పని ఒత్తిడి ఉంటుందని తెలుసు కాబట్టి ఆ విషయం ఎత్తదలచుకోలేదు. ఊరికే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

ఊరికే అన్నాను గాని, మొన్న సుధ పిన్ని ఏదో చెబుతూ చెబుతూ ఒక మాట అంది. నువ్వు కొన్న సెకండ్‌హ్యాండ్ బండికి టెంపరేచర్ దీపం వెలుగుతూ ఉండేదట. ఎవరో మెకానిక్ ఇంజన్ వేడి కొలిచే సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, దాని స్థానంలో చిన్న రెసిస్టర్ ఒకటి కలిపి, టేపు చుట్టి దీపం ఆర్పేశాడట. నువ్వు ఆ బండి మీదే రోజూ తిరుగుతున్నావట. సుధ సంగతి నీకు తెలియనిది కాదు, గోరంత వింటే కొండంత చెబుతుంది. అందుచేత నేను నమ్మలేదు. నమ్మకపోయినా ఆ రాత్రి కంటికి కునుకు రాలేదు.

ఉపన్యాసం ఇవ్వనని నాన్నగారికి మాట ఇచ్చాను. కాబట్టి నీకు తెలిసిన విషయాన్నే ఒకసారి గుర్తు చేస్తాను, అంతే. ఆ సెన్సర్‌లో ఉన్నది ఒక థర్మిస్టర్. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువగా ఉంటుంది, వేడెక్కే కొద్దీ పడిపోతుంది. ఇలా వేడికి నిరోధం తగ్గడాన్ని సిల్వర్ సల్ఫైడ్‌లో ఫారడే 1833లోనే గమనించాడు. సెలవుల్లో నా ల్యాబ్‌కు వచ్చి, బల్ల చివర కూర్చుని, ఆ ప్రయోగం రీడింగులు గళ్ల కాగితం మీద వంకర లేకుండా గీసినదానివి నువ్వే. చాలా బండ్ల సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర ఇంచుమించు 2,000 నుంచి 3,000 ఓంలు ఉంటే, 80 డిగ్రీలకు వచ్చేసరికి 300 ఓంల చుట్టుపక్కలకు దిగుతుంది. మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి గనుక నీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం. ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, ఆ సెన్సర్‌కు 5 వోల్టులు పంపి, అక్కడ ఎంత వోల్టేజి నిలిచిందో చూసి, ఇంజన్ ఎంత వేడిగా ఉందో లెక్క కడుతుంది. పెట్రోలు ఎంత చిమ్మాలో ఆ లెక్క ప్రకారమే నిర్ణయిస్తుంది. ఇప్పటి చాలా బండ్లలో రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరగాలన్నది కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు అక్కడ సెన్సర్‌కు బదులు ఒక స్థిరమైన రెసిస్టర్ ఉంటే ఏమవుతుందో ఆలోచించు. ఇంజన్ ఎప్పుడూ, చలికాలం తెల్లవారుజామునా, మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లోనూ, ఒకే వేడి దగ్గర ఉన్నదని ఈసీయూ నమ్ముతుంది. పొద్దున చల్లటి ఇంజన్‌కు కావలసిన అదనపు పెట్రోలు అందదు, స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. అదైనా భరించవచ్చు. ఈసీయూ నడిపించే ఫ్యాను అయితే నిజంగా వేడెక్కిన రోజున తిరగదు, దీపమూ వెలగదు. ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయి, హెడ్ వంకరపోయేదాకా నీకు ఏ సూచనా అందదు. జ్వరంతో ఉన్న పిల్ల చంకలోంచి థర్మామీటర్ తీసేసి, 98.4 అని చీటీ రాసి పెట్టినట్టే ఇది. ఆ పని నువ్వు చేయించావని నేను అనడం లేదు. బండి అమ్మినవాడే ముందుగా పెట్టి ఉండవచ్చు. పాత బండి కొన్నప్పుడు ట్యాంకు కింద ఎవరు ఏం అతికించారో ఎవరికి తెలుసు? అందుకే ట్యాంకు ఎత్తి, సెన్సర్ నుంచి వచ్చే రెండు వైర్లను వేలితో తడుముకుంటూ వెళ్లు. ఎక్కడైనా నల్ల టేపు ఉబ్బెత్తుగా తగిలితే విప్పి చూడు.

అసలు ముందు తేల్చుకోవలసింది, దీపం అబద్ధం చెప్పిందా, ఇంజన్ నిజంగానే వేడెక్కిందా అన్నది. చాలామంది దీపం వెలగగానే సెన్సర్ మీద పడతారు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, దాన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, మట్టం చూడు. మట్టం తగ్గిపోతే సెన్సర్ కొన నీళ్లలో కాక ఆవిరిలో తేలుతూ పొంతన లేని రీడింగులు ఇస్తుంది, అప్పుడు తప్పు సెన్సర్‌ది కాదు. రేడియేటర్ మూతను వేడి మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకు. ఆ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కాబట్టే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, అదంతా ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది. నాన్నగారి ముంజేతి మీద మచ్చ దేని వల్ల వచ్చిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు తెలిసింది కదా.

బాబాయి ఎర్రబండి సంగతి నీకు లీలగా గుర్తుండవచ్చు. అప్పట్లో దానికీ ఇదే జబ్బు. పొద్దున్నే, ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయకముందే, తాళం తిప్పగానే ఫ్యాను గిరగిరా తిరిగేది. రాత్రంతా మంచులో నిలబడ్డ బండికి ఫ్యాను ఎందుకని నేను అడిగితే, సెన్సర్ పోయింది వదినా అని కొత్తది తెచ్చి బిగించాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే వరస. ఈసారి సెన్సరే నాసిరకమని ఇంకొకటి వేశాడు, తర్వాత థర్మోస్టాట్ మార్చాడు, ఆ పైన కూలెంట్ అంతా దింపి కొత్తది పోశాడు. ఎవరేం చెబితే అది మార్చడమే గాని, ఒక్కసారి కూడా ఓంలు, వోల్టులు కొలిచే మల్టీమీటర్ చేతపట్టలేదు. ఒకనాడు బండిని గోడ వారగా తిప్పి పెడుతుంటే నేను పక్కనే ఉన్నాను. హ్యాండిల్ ఎడమకు తిప్పగానే ఫ్యాను మొదలైంది, నిటారుగా పెడితే కాసేపటికి ఆగింది. మళ్లీ తిప్పమన్నాను, మళ్లీ తిరిగింది. హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్ట వంగే చోట, పైతొడుగు చెక్కుచెదరకుండా ఉన్నా లోపలి రాగి పోగులు తెగి ఉన్నాయి. నొక్కి చూస్తే ఆ ఒక్క చోట వైరు మెత్తగా, గుజ్జులాగా ఒంగింది. వైరు తెగితే ఈసీయూకు భరించరానంత చలి కనిపిస్తుంది. అంత చలి ఉండదు గనుక, సెన్సర్ పోయిందనుకుని, ఎందుకైనా మంచిదని ఫ్యాను తిప్పేస్తుంది. బెత్తెడు వైరు ముక్క వేసి టంకం పెడితే బాగైంది. బాబాయి ఇప్పటికీ ఆ రెండో సెన్సర్ మంచిది కాదనే అంటాడు, వాదించకు.

కాబట్టి నువ్వు కూడా ఏదీ కొనకముందు కొలువు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున తాళం తిప్పి, మీటరులో కూలెంట్ వేడి చూపిస్తే, అది బయటి గాలి వేడికి దగ్గరగా ఉండాలి. 20 డిగ్రీల తేడా వస్తే అక్కడే అనుమానించు. తర్వాత కనెక్టర్ ఊడదీసి, పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందేమో వెలుతురులో చూడు. తాళం తిప్పి, వైర్ల వైపు కొనల మధ్య వోల్టేజి కొలిస్తే 5కు దగ్గరగా రావాలి. వస్తే వైరు బాగున్నట్టే, అనుమానం సెన్సర్ మీదకు మళ్లుతుంది. కొలుస్తూనే హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పడం మరిచిపోకు.

సెన్సర్‌ను విప్పి పరీక్షించాలనుకుంటే, పాత డబ్బాలో నీళ్లు పోసి, దాని కొన మాత్రమే మునిగేలా తీగతో వేలాడదీయి. డబ్బా అడుగుకు తగలకూడదు, తగిలితే నీటి వేడి కాకుండా లోహపు వేడి చూపిస్తుంది. పక్కనే థర్మామీటర్ ఉంచి, నెమ్మదిగా కాస్తూ, 40, 60, 80 డిగ్రీల దగ్గర ఓంలు రాసుకో. అంకె జారుడుగా దిగాలి. ఒకచోట ఆగిపోయినా, ఉలిక్కిపడ్డట్టు ఎగిరి దూకినా అది మార్చవలసిన సెన్సరే. వంటింటి గిన్నె మాత్రం వాడకు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కింద ఒలికినది వెంటనే కడిగేసేయి, వీధి కుక్కలు నాకుతాయి.

కొత్తది బిగించేటప్పుడు కొత్త వాషర్ వేసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పు. అల్యూమినియంలో మర చెడితే చిన్న పని పెద్దదవుతుంది. ఒకే వైరున్న సెన్సర్ అయితే మర మీద టేపు చుట్టనివ్వకు, దానికి ఎర్త్ అందేది ఆ మర ద్వారానే. కూలెంట్‌లో గాలి బుడగలు లేకుండా చేసి, ఒకసారి వేడెక్కించి చల్లారాక మట్టం మళ్లీ చూసుకో.

ఇదంతా అయ్యేదాకా బండి తీయకు, బస్సులో వెళ్లు. చీకట్లో ట్యాంకు ఎత్తకు, గ్లవ్స్ వేసుకో, నీ కళ్లద్దాల పవర్ చూపించుకుని ఏడాది దాటింది. మెకానిక్ దగ్గరకే తీసుకువెళ్తానంటే సరే, కాని అతను కొలిచే అంకెలు నువ్వు పక్కన నిలబడి చూడు. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని ఓంలు, 80 దగ్గర ఎన్ని ఓంలు వచ్చాయో నాకు రాయి. ఆ టేపు కింద ఏం దొరికిందో కూడా రాయి, సుధ పిన్నికి చెప్పనులే. నాన్నగారు తన టార్క్ రెంచి పార్సిల్ చేస్తానని డబ్బా కూడా సిద్ధం చేసుకున్నారు. నీ సెన్సర్ తలకు ఎన్నో నంబరు సాకెట్ పడుతుందో తెలిస్తే అది కూడా అందులో పెడతారట, రేపటికల్లా చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ