ఇంటికి చేరిన ముగ్గురు సైనికుల గురించి సత్యానికి

ప్రియమైన సత్యం,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు క్షేమమని తలుస్తాను. పోయిన వారం ఫోనులో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. సైన్యంలో పదిహేడేళ్ళ సర్వీసు ముగించుకొని ఇంటికి వచ్చి నాలుగు నెలలైనా, తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తోందని, ఎవరినీ లేపకుండా వరండాలో కూర్చుంటున్నానని, సొంత ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినట్టుందని చెప్పావు. అప్పుడు నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి, ఎన్నో ఏళ్ళ క్రితం చూసిన ఒక పాత అమెరికా సినిమా గుర్తుకు వచ్చి మళ్ళీ చూశాను. ఫోనులో చెబితే సగం కూడా చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను.

దాని పేరు ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1946లో వచ్చింది. నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్, దర్శకుడు విలియం వైలర్. ఈ వైలర్ యుద్ధకాలంలో బాంబర్ విమానాలలో ఎగురుతూ సైన్యం కోసం డాక్యుమెంటరీలు తీశాడు, ఆ పనిలోనే ఒక చెవి వినికిడి పోగొట్టుకున్నాడు. తనూ అలా ఇంటికి తిరిగి వచ్చినవాడే కాబట్టి కథలో ఎక్కడా తొందరపడడు.

ముగ్గురు సైనికులు బూన్ సిటీ అనే కల్పిత నగరానికి ఒకే యుద్ధ విమానంలో తిరిగి వస్తారు. ఆల్ నడివయసువాడు, యుద్ధానికి ముందు బ్యాంకులో హోదా ఉన్న ఉద్యోగి, యుద్ధంలో సార్జెంటు. ఫ్రెడ్ మందుల దుకాణంలో ఐస్‌క్రీం, సోడాలు కలిపి ఇచ్చిన కుర్రవాడు, యుద్ధంలో మాత్రం బాంబులు గురిచూసి వదిలే కెప్టెన్. మూడోవాడు హోమర్, నౌకాదళం కుర్రవాడు. అతనికి రెండు చేతులూ లేవు, వాటి స్థానంలో ఇనుప కొక్కేలు ఉంటాయి. ఊరు చేరాక ముగ్గురూ టాక్సీలో వెళ్తారు, ముందు హోమర్ ఇల్లే వస్తుంది. అతనికి దిగాలని లేదు, ముందు బారుకు వెళ్దామా అని అడుగుతాడు. ఏళ్ళ తరబడి కలలుగన్న గుమ్మం ఎదురుగా కనిపిస్తుంటే కాలు ముందుకు పడకపోవడం ఏమిటో నీకు నేను చెప్పనక్కర లేదు. అతను దిగి వెళ్ళాక ఫ్రెడ్, నౌకాదళం వాళ్ళు ఆ కొక్కేలు వాడడం అతనికి బాగా నేర్పించారంటాడు. ప్రేమించిన పిల్లను దగ్గరకు తీసుకోవడం, ఆమె జుట్టు నిమరడం వాళ్ళు నేర్పలేకపోయారంటాడు ఆల్.

హోమర్‌గా నటించిన హెరాల్డ్ రసెల్ వృత్తి నటుడు కాడు. సైన్యంలో పేలుడు పదార్థాల శిక్షకుడిగా ఉంటూ, 1944 జూన్ 6న, ఐరోపాలో మిత్రసేనలు నార్మండీ తీరంలో దిగిన రోజునే, అమెరికాలోనే ఒక శిక్షణ శిబిరంలో జరిగిన ప్రమాదంలో రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. సైన్యం అతని మీద తీసిన ఒక చిన్న చిత్రంలో వైలర్ అతన్ని చూశాడు. ఈ సినిమాకు ఆధారమైన నవలలో హోమర్ పాత్రకు ఉన్నది వేరే వైకల్యమైనా, రసెల్ కోసం దాన్నే మార్చుకున్నారు. ఈ ఒక్క పాత్రకు అతనికి రెండు ఆస్కార్లు వచ్చాయి, ఒకటి సహాయ నటుడిగా, రెండోది తోటి సైనికులలో ఆశను, ధైర్యాన్ని నింపినందుకు. ఉత్తమ చిత్రంతో కలిపి సినిమాకు వచ్చిన బహుమతులు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటి జాబితాతో నీకు పని లేదు.

నీకు చెప్పాలనుకున్నది ఒక రాత్రి దృశ్యం. హోమర్ విల్మా అనే పక్కింటి అమ్మాయిని ప్రేమించాడు, కానీ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమెకు దూరంగా తిరుగుతున్నాడు. ఒక రాత్రి ఆమె వంటింట్లోకి వచ్చి, నీ మనసులో ఏముందో చెప్పమని అడుగుతుంది. అతను ఆమెను పైన తన గదికి తీసుకువెళ్ళి, భుజాల మీది పట్టీలతో సహా ఆ కొక్కేలను తీసి మంచం మీద పెడతాడు. ఇప్పుడు నా చేతులు ఆ మంచం మీద ఉన్నాయి, ఎవరినైనా పిలవకుండా వాటిని మళ్ళీ తగిలించుకోలేను, గాలికి తలుపు మూసుకుపోతే తెరుచుకోలేను అని చెబుతాడు. గొంతు పెంచడు, జాలి అడగడు. ఆ అమ్మాయి ఏమీ వాదించదు. ముందుకు వచ్చి, అతని చొక్కా బొత్తాలు ఒక్కొక్కటిగా పెడుతుంది. తరువాత అతన్ని పడుకోబెట్టి దుప్పటి సరిచేస్తుంది. ఆమె వెళ్ళాక అతని కళ్ళలో నీళ్ళు. నేను ఆ బొత్తాల దగ్గర సినిమా ఆపి, కాసేపు బయట తిరిగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను.

ఫ్రెడ్ కథ మరోలా బాధ పెడుతుంది. ఆకాశంలో కెప్టెన్‌గా ఉన్నవాడికి నేల మీద దొరికింది పాత దుకాణంలో వారానికి ముప్పై రెండున్నర డాలర్ల పనే. నీకు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం తప్ప ఇంకేం వస్తుందని ఎవరో అన్నారన్నావే, అది విన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఫ్రెడ్డే. చివరికి ఆ పని కూడా పోయి, ఊరు విడిచి వెళ్దామని విమానాశ్రయానికి వస్తాడు. అక్కడ ఇంజన్లు పీకేసిన వందలాది బాంబర్లు వరసల్లో పడి ఉంటాయి. అతను ఒకదానిలోకి ఎక్కి, ముక్కు భాగంలోని తన పాత చోట, దుమ్ము పట్టిన గాజు వెనక కూర్చుంటాడు. సంగీతమే ఇంజన్ల మోతలా లేస్తుంది, కదలని విమానం ఎగురుతున్నట్టే అనిపిస్తుంది, అతని ముఖం నిండా చెమట. అంతకు కాస్త ముందే ఇంట్లో వాళ్ళ నాన్న, కొడుకు వదిలి వెళ్ళిన కాగితాలలో పతకం ప్రశంసాపత్రాన్ని అక్షరం అక్షరం చదివి ఉంటాడు. కిందినుంచి ఒకతను కేకవేసేసరికి ఫ్రెడ్ ఈ లోకంలోకి వస్తాడు. వాళ్ళు ఆ విమానాలను విప్పి, ఆ సామానుతో ఇళ్ళు కడతారట. ఫ్రెడ్ అక్కడే పని అడుగుతాడు.

లోపాలు లేకపోలేదు. ఫ్రెడ్ భార్య మేరీని పూర్తిగా స్వార్థపరురాలిగా చూపించడం నాకు నచ్చలేదు. యుద్ధకాలమంతా ఒంటరిగా గడిపిన ఆడమనిషి పక్షాన కూడా చెప్పదగిన మాట ఉంటుంది. ఆల్ భార్య మిల్లీ విషయంలో ఆ న్యాయం జరిగింది. ఆల్ గంట కొట్టి, తలుపు తీసిన పిల్లలను మాట్లాడవద్దని సైగ చేస్తాడు. లోపల పనిలో ఉన్న మిల్లీ ఎవరని అడుగుతుంది, బదులు రాదు, ఆ నిశ్శబ్దంలోనే ఆమెకు అర్థమవుతుంది. ఆ తరువాత భర్త తాగుడుతో, చిరాకుతో వేగడానికి ఆమె నేర్చుకోవలసింది కూడా తక్కువేమీ కాదు. చెల్లెమ్మ ఈ సినిమా చూడాలని నేను కోరుకునేది అందుకే.

ఆ యుద్ధంలో మన దేశం నుంచి పాతిక లక్షల మంది స్వచ్ఛందంగా చేరారు. తాడేపల్లిగూడెం పక్కన ఉన్న మాధవరాన్ని జనం ఇప్పటికీ మిలిటరీ మాధవరం అంటారు. అక్కడి ఇళ్ళకు తిరిగి వచ్చినవాళ్ళు ఏ వరండాలలో కూర్చున్నారో, వాళ్ళకు ఎవరు బొత్తాలు పెట్టారో చూపే సినిమా నేనింతవరకు చూడలేదు.

వచ్చే శనివారం సాయంత్రం బండికి బయలుదేరి వస్తున్నాను. లాప్‌టాప్ తెస్తాను. సినిమా దాదాపు మూడు గంటలు ఉంటుంది కాబట్టి, పిల్లలు పడుకున్నాక మనం ముగ్గురం కూర్చుందాం. ఇంగ్లీషు మాటలు చెల్లెమ్మకు అర్థం కాని చోట నేను ఆపి చెబుతాను. రాత్రి అక్కడే పడుకుంటాను, నాలుగింటికి నువ్వు లేచినప్పుడు నన్ను కూడా లేపు. వరండాలో రెండో కుర్చీ వేసి ఉంచు.

నీ
రఘు