ఏడుగురు అధికారులు, ఒక బకెట్టు

సంపాదకులకు నమస్కారం.

పది పన్నెండు రోజుల క్రితం మీ జిల్లా అనుబంధంలో ‘చేతుల శుభ్రతతో ఫ్లూకు చెక్’ అనే వార్త, దానితో పాటు ఒక ఫోటో వచ్చాయి. ఆ రోజే ఉత్తరం రాద్దామనుకున్నాను గానీ, అదే ఫ్లూ మా ఇంట్లో నలుగురినీ వరుసగా మంచాన పడేయడంతో ఇప్పటికి తీరిక చిక్కింది.

ఫోటోలో ఏడుగురు అధికారులు, ఒక ప్లాస్టిక్ బకెట్టు, మోచేతుల దాకా నురగ పూసుకుని నవ్వుతున్న ఇద్దరు పిల్లలు ఉన్నారు. సబ్బుతో కనీసం 20 సెకన్ల పాటు, వేళ్ల సందులు, గోళ్ల అడుగు వదలకుండా రుద్ది కడుక్కోవాలని అధికారులు ఉద్బోధించినట్లు రాశారు. ఆ మాటలో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే ఆ బడి ఆవరణలో ఉన్న నాలుగు కుళాయిల గురించి వార్తలో ఒక్క ముక్క లేదు. నా మనవరాలు అక్కడే ఐదో తరగతి చదువుతోంది కనుక ఆ లోటు నేను పూరిస్తాను. రెండు కుళాయిలకు తలలు ఊడిపోతే కర్రముక్కలకు పాత గుడ్డ చుట్టి బిగించారు. మిగిలిన రెండింటిలో, ట్యాంకు నింపిన రోజున మాత్రం, నూలుపోగంత ధార వస్తుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన అలవాటు కొద్దీ నేనొక లెక్క వేశాను. బడిలో పిల్లలు 280 మంది, పనిచేసే కుళాయిలు రెండు, ఒక్కొక్కరికి 20 సెకన్లు. మొత్తం 2,800 సెకన్లు, అంటే 46 నిమిషాల పైచిలుకు. మధ్యాహ్న విరామం 45 నిమిషాలు. చివరి పిల్ల చేతులు కడుక్కోకముందే గంట కొట్టేస్తారు కాబట్టి అన్నం తినే సంగతి మరునాటికి వాయిదా వేసుకోవాలి కాబోలు. ఇందులో చేతులు తడుపుకునే సమయాన్ని నేను కలపలేదు. సబ్బు అందుకునే సమయం కలపవలసిన అవసరమే లేదు, ఎందుకంటే ఫోటో కోసం వచ్చిన సబ్బు ఫోటోగ్రాఫరుతో పాటే వెళ్లిపోయింది.

కరోనా రోజుల్లో, 2020లో, మా కూరగాయల మార్కెట్టు గేటు దగ్గర కాలితో తొక్కితే నీళ్లు వచ్చే బేసిన్లు రెండు పెట్టి, రిబ్బను కత్తిరించి మరీ ప్రారంభించారు. ఇవాళ ఒకటి గుట్కా ఉమ్ములతో ఎర్రబారి ఉంది. రెండోదాంట్లో పూలమ్మే ఆవిడ బంతిపూలు వాడిపోకుండా తడిగోనె కప్పి దాచుకుంటోంది. ప్రజాధనం ఆమెకొక్కతెకైనా అక్కరకొచ్చినందుకు సంతోషించాలి.

అసలు చోద్యం చూడాలంటే నెల మొదట్లో రేషన్ షాపుకు వెళ్లాలి. ఫ్లూ వైరస్ స్టీలు, ప్లాస్టిక్ వంటి గట్టి వస్తువుల మీద ఒకటి రెండు రోజుల వరకు బతికి ఉండగలదని, దాన్ని ముట్టుకున్న చేతితో ముక్కో కన్నో నలుపుకుంటే చాలునని వైద్యులు చెబుతూనే ఉన్నారు. మా షాపులో గాజుముక్కంత వేలిముద్ర యంత్రం మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరంతా బొటనవేలు పెడుతుంది. మొన్న నా ముందున్న ముసలావిడ ముద్ర మూడుసార్లు పెట్టినా పడలేదు. ‘తలకు రాసి పెట్టమ్మా’ అన్నాడు డీలరు. ఆమె వేలిని జుట్టుకు రాసింది, నుదుటికి రాసింది, చివరకు నాలుకకు తడి చేసి పెట్టింది. యంత్రం ఒప్పుకుంది. ఆ వెనుక వేలు పెట్టవలసిన వాణ్ని నేను. పక్కన ఒక సీసాడు శానిటైజరు ఉంచడానికి ఏ శాఖ అనుమతి కావాలో తెలియదు. మన తెలంగాణలోనే 2021లో కరోనా భయంతో వేలిముద్ర మానిపించి కంటిపాపతోనూ, సెల్‌ఫోనుకు వచ్చే ఓటీపీతోనూ బియ్యం ఇచ్చారు. అప్పుడు కుదిరిన జాగ్రత్త ఇప్పుడెందుకు బరువైందో సంబంధిత అధికారులు సెలవివ్వాలి.

నేరమంతా అధికారులదేనని నేనూ అనను. దగ్గు వస్తే మోచేతి మడతలోకి దగ్గమని చెబితే మనవాళ్లు అరచేతిలోకి దగ్గి, అదే చేత్తో షేక్‌హ్యాండ్ ఇస్తారు. నమస్కారం పుట్టిన దేశంలో దాన్ని కరోనా ఏడాదిలో కొత్తగా నేర్చుకుని, మరుసటి ఏడాదే మరిచిపోయాం. ఫ్లూ సోకినవారు లక్షణాలు బయటపడక ముందు రోజు నుంచే, ఆ తరువాత ఐదారు రోజుల దాకా ఇతరులకు అంటించగలరు. అయినా నూరు శాతం హాజరు బహుమతి పోతుందని జ్వరం బిళ్ల మింగించి పిల్లల్ని బడికి తోలే తల్లిదండ్రులు మా వీధిలోనే ఉన్నారు. ఆ బహుమతి పెట్టిన మహానుభావులకు చేతుల శుభ్రత మీద ఉపన్యాసమిచ్చే అర్హత ఎక్కడిదో నాకు అంతుబట్టదు. 2009 మే నెలలో దేశంలోనే తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాదులో. 2015 ఆరంభంలో గాంధీ ఆసుపత్రి స్వైన్‌ఫ్లూ వార్డు ముందు జనం ఎంత బెదిరిపోయారో మీ పత్రికే రోజూ రాసింది. ఇంత చూసిన రాష్ట్రంలో ఒక బడి కుళాయికి తల బిగించేవాడు కరువయ్యాడు.

అక్టోబరు 15న ప్రపంచ చేతుల శుభ్రత దినోత్సవం వస్తోంది. ఆ బడికి మళ్లీ బకెట్టు వస్తుంది, ఫోటో దిగుతారు, మీరూ వేస్తారు. ఈసారి ఫోటోలో కుళాయిలు కూడా పడేలా నాలుగడుగులు వెనక్కి జరిగి తీయమని మీ విలేకరికి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా