పెద్దమ్మ కూతురు అక్కకీ, బావగారికీ, ఇంకో ఇద్దరికీ

నిన్న సాయంత్రం పోర్టల్‌లో మా ఈ-సీఓపీఆర్‌లు, అంటే కెనడాలో శాశ్వత నివాసం ఖరారైందని చెప్పే పత్రాలు కనబడ్డాయి, నాదీ మా ఆవిడదీ. దేవుడి దగ్గర దీపం పెట్టి, తెనాలిలో అమ్మకి ఫోన్ చేసి, వెంటనే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే కెనడా ప్రభుత్వ పద్ధతిలో ఐటీఏ, అంటే శాశ్వత నివాసానికి అప్లై చేసుకోమనే ఆహ్వానం వచ్చిన రోజు సంతోషం గంటసేపే నిలిచింది. 60 రోజుల్లో అప్లికేషన్ పెట్టాలి. లాయర్ని పెట్టుకోవాలా, మనమే చేసుకోవాలా? ఒకచోట 3,500 డాలర్లు అడిగారు. అప్పటికి ప్రభుత్వ ఫీజే ఇద్దరికీ కలిపి 3,050. "అంతా ఆన్‌లైనే, దండగ" అని కొందరు, "రిస్క్ వద్దు" అని కొందరు. నాకు నిద్ర పట్టేది కాదు.

బ్రాంప్టన్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు అక్క శనివారం భోజనానికి రమ్మంది. పప్పుచారు గిన్నెలు తీసేసి, బల్ల తుడిచి, మా కాగితాలన్నీ పరిచింది. ఒక్కోటి చదవడం, "ఇది నువ్వే చేసుకోగలవురా" అంటూ ఎడమపక్క పెట్టడం. వెస్ రిపోర్టు (మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో చెప్పేది), మెడికల్, ఇండియా పోలీస్ సర్టిఫికెట్ అన్నీ అటే వెళ్లాయి. బీటెక్ అయ్యాక ఇంటి దగ్గర ఉద్యోగం లేకుండా ఉన్న 7 నెలలు ఎలా చూపించాలో అని భయపడ్డాను. "ఉద్యోగం లేదనే రాయి. పదేళ్ల చరిత్రలో ఒక్క నెల కూడా ఖాళీ వదలకు, అంతే" అంది. లాయర్ని పెట్టుకుంటేనే పని అవుతుందనీ, ఫైల్ త్వరగా కదులుతుందనీ ఏమీ లేదని కెనడా ప్రభుత్వమే చెబుతోందని కూడా చూపించింది.

హైదరాబాద్ ఉద్యోగం దగ్గర ఆగిపోయాం. వాళ్లిచ్చింది రిలీవింగ్ లెటర్ మాత్రమే. ఇక్కడ అడిగేది చేసిన పనుల వివరాలు, వారానికి గంటలు, జీతం. హెచ్ఆర్ కుదరదంది. అప్పటి మా టీమ్ లీడ్ అన్న సెలవు పెట్టుకుని నోటరీ దగ్గరికి వెళ్లి, నేను ఏమేం పని చేశానో అఫిడవిట్ రాసిచ్చారు. దానికి పే స్లిప్పులు, ఫారం 16 జత చేసి, లెటర్ ఎందుకు లేదో వివరంగా రాశాం. అన్నా, ఆ రోజు మీరు చేసిన మేలు మరచిపోను.

కుడిపక్కకి వెళ్లింది ఒకే ఒక్క కాగితం, 2019లో హైదరాబాద్ కాన్సులేట్‌లో నా అమెరికా వీసా రిజెక్ట్ అయిన స్లిప్పు. తర్వాత నా కెనడా స్టడీ పర్మిట్ అప్లికేషన్ పెట్టిన కన్సల్టెన్సీ, పాత వీసా నిరాకరణల గురించి అడిగే ప్రశ్నకి ఏం నింపిందో నాకు తెలియదు. ఇది వినగానే అప్పటిదాకా మాట్లాడని బావగారు, "దీనికి మాత్రం లాయర్ దగ్గరికి వెళ్లు. అబద్ధం చెప్పినట్టు తేలితే 5 ఏళ్లు తలుపులు మూసేస్తారు" అన్నారు. ఒంటారియో లా సొసైటీ జాబితాలో పేరుందో లేదో చూసి, ఒక లాయర్‌గారి దగ్గర గంట టైమ్ తీసుకున్నాం. 250 డాలర్లు.

ఆవిడ అంతా విని, "ఫైల్ మొత్తం నాకివ్వక్కర్లేదు. మిగతాదంతా మీరే బాగా చేసుకున్నారు" అన్నారు. మొత్తం ఫైల్‌కి ఇస్తానన్న డబ్బు వద్దన్న మనిషి ఆవిడ. ముందు 5 డాలర్లు కట్టి, సమాచార హక్కు కింద నా పాత అప్లికేషన్ కాపీ తెప్పించుకోమన్నారు. అది 38వ రోజుకి వచ్చింది. ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అన్నచోట 'లేదు' అని ఉంది. నా చేతులు చల్లబడిపోయాయి.

కొత్త అప్లికేషన్‌లో 'అవును' అని పెట్టి, ఆవిడ రాసిన ఒక పేజీ ఉత్తరం జత చేశాం. ఆవిడ సలహా తీసుకున్నట్టు రిప్రజెంటేటివ్ ఫారం కూడా పెట్టాం. చదవకుండా సంతకం చేశాను కాబట్టి బాధ్యత నాదేనని ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. అది తీసేద్దామా అని అడిగాను. "అదే అసలు వాక్యం, ఉండాలి" అన్నారు. ఉంచాను.

మేడమ్, మీకు మా ఇద్దరి నమస్కారాలు. అక్కా, బావగారూ, మీ గురించి ఇక్కడ ఎంత రాసినా తక్కువే.

ఐటీఏ వచ్చి ఆ 60 రోజుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా మాకు మెసేజ్ పెట్టండి. నేను లాయర్ని కాదు, సలహా చెప్పలేను. కానీ శనివారాలు మా ఇంట్లోనూ బల్ల ఖాళీగానే ఉంటుంది. కాగితాలు పరుచుకుని, ఏది ఏ పక్కకి వెళ్తుందో కలిసి చూద్దాం.